జార్జి వెస్టింగ్‌హౌసు

మన ఆరాధనలయందు వాయించు హార్మోనియమును విప్పి చూచిన బాలురకు ఒక సంగతి తెలిసియే యుండును. ప్రతి మెట్టునకును తోలు అంటించిన చిన్న కఱ్ఱబిళ్ల యొకటి కలదు. వ్రేలితో మెట్టు నొక్కగానే ఆ బిళ్ల లేచి తిత్తిలోని గాలికి దారి యిచ్చును. వ్రేలు తీయగానే స్ప్రింగు దానిని మరల మూసివేయును. స్వరమును పలికించునది గాలియే గాని వ్రేలు కాదు. వ్రేలు చేయుపని త్రోవ తెరచుట మాత్రమే. ఇట్లు నీటికి గాని, ఆవిరికి గాని, గాలికి గాని దారి తెరచి మూయు సాధనమును కవాటమందురు. వాడుకలో దీనికే వాల్వని పేరు. ఆ వ్రేలికి మారుగా విద్యుదయస్కాంతమును నిలిపినయెడల, మైలు దూరమున కూర్చున్న మనుష్యుడు సన్నని తీగ మూలమున గాలిని ఆజ్ఞాపించి, బరువైన యినుమును కదల్పవచ్చును. ఇట్టి కవాటమును రైలుమార్గములపై పనికి పెట్టిన వారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశస్థుడగు జార్జి వెస్టింగ్‌హౌసు. దానిని ఎక్కడ వాడవలయునో తెలిసినవాడే, ఎక్కడ వాడగూడదో కూడ ఎరిగి యుండుట ఈతని చరిత్రమునందు నాకు మిక్కిలి నచ్చిన భాగము.

జార్జి 1846వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీని న్యూయార్కు రాష్ట్రమునందలి సెంట్రల్ బ్రిడ్జి అను పల్లెలో జన్మించెను. తలిదండ్రులకు పదిమంది బిడ్డలు. వారిలో ఇతడు ఎనిమిదవవాడు. తండ్రి సేద్యపు యంత్రములు చేయువాడు. 1856లో ఆ కుటుంబము స్కెనెక్టడీ పట్టణమునకు తరలిపోయి, అచ్చట కర్మాగారమును నెలకొల్పెను. బాలునికి పుస్తకములకంటె తండ్రి కార్ఖానాయందే మక్కువ యెక్కువ. అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల యుద్ధము జరుగుచుండగా, పదునేడేండ్లయినను నిండక మునుపే 1863లో అశ్వదళమున చేరెను. మరుసటి యేడు నౌకాదళమునకు మారి, పొగయోడలో సహాయ ఇంజనీరుగా పనిచేసెను. ఆ యుద్ధమునందే అన్నయగు ఆల్బర్టు మరణించెను. యుద్ధము ముగిసి యింటికి వచ్చిన పిమ్మట యూనియన్ కళాశాలలో చేరెను గాని, కొలది నెలలకే దానిని విడిచిపెట్టెను. చదువు మానుకొనుటకు ఈతని పేరు చెప్పదలచు విద్యార్థులు ఎవరైన నున్నచో, ఆ 1865వ సంవత్సరము అక్టోబరులోనే ఈతడు క్రొత్తరకపు ఆవిరి యంత్రమునకు పేటెంటు పొంది యుండెనను సంగతిని కూడ చెప్పవలెనని కోరుచున్నాను.

ఆ కాలపు రైలుబండ్లకు నేటి బ్రేకులు లేవు. ప్రతి పెట్టెకును చేతితో త్రిప్పు చక్రము ఉండెడిది. డ్రైవరు కూత వేయగానే బ్రేకుమనుష్యులు ఒక్కొక్క పెట్టె యొద్దకు పరుగెత్తి ఆ చక్రములను బిగింపవలయును. గూడ్సుబండ్లయందు వీరు పెట్టెల పైకప్పులమీదనే నడచువారు. వర్షమునందును, మంచు గడ్డకట్టిన రాత్రులయందును, ఊగుచున్న బండిపై ఒక కప్పునుండి మరియొక కప్పునకు దాటునపుడు జారిపడి చనిపోయిన వారు ఎందరో. ఇంత చేసినను బండి ఆగుటకు చాల దూరము పట్టెడిది.

1866లో జార్జి స్కెనెక్టడీ ట్రాయి పట్టణముల మధ్య ప్రయాణము చేయుచుండగా, ఆ దారిలో రెండు గూడ్సుబండ్లు ఢీకొని పడియున్న చోటును చూచెను. అది పగటి వేళ. మార్గము తిన్ననిది. ఇద్దరు డ్రైవర్లును ఎదుటి బండిని చూచియే యుండిరి. చూచియు ఆపలేకపోయిరి. అప్పటినుండియు ఈ ప్రశ్న ఆతని మనస్సును విడువలేదు. యింజను నడపువాడే తన చోటునుండి బండి నంతటిని ఒక్కసారిగా ఆపుట యెట్లు? మొదట పెట్టెలన్నిటి క్రిందను గొలుసు నొకదానిని సాగదీసి బిగించు ఉపాయము తలచెను. బండి పొడవు పెరిగినకొలది గొలుసు పనికిరాకపోయెను. పిదప ఆవిరిని గొట్టములగుండ పంపిన బాగుండునేమో యని ఆలోచించెను. ఆవిరి దారిలోనే చల్లబడి నీరగును. ఇట్లుండగా, ఆల్ప్సు పర్వతములలో మాంట్ సెని సొరంగమును త్రవ్వుచున్న ఇంజనీర్లు వేల అడుగుల దూరము గొట్టములగుండ ఒత్తిన గాలిని పంపి, దానితో రాతిని తొలచుచున్నారని ఒక పత్రికలో చదివెను. గాలి చల్లబడినను గాలియే. గొలుసువలె సాగదు, తెగదు. ఆతనికి కావలసినది దొరికెను.

1867లో మార్గరెటు అను ఆమెను వివాహమాడి, పిమ్మట పిట్సుబర్గు పట్టణము చేరెను. తండ్రి ఈ ప్రయత్నమునకు ధనమీయ నిష్టపడలేదు. రైలు కంపెనీల పెద్దలు చాలమంది విననైన వినలేదు. తుదకు పాన్‌హాండిల్ అను రైలుమార్గము వారు, ఖర్చంతయు ఆతడే భరించు షరతుమీద, ఒక యింజనును నాలుగు పెట్టెలను పరీక్షకొరకు ఇచ్చిరి. యింజనుపై ఆవిరితో నడచు పంపు గాలిని తొట్టిలోనికి ఒత్తి నింపును. డ్రైవరు కవాటమును తెరవగానే ఆ గాలి పెట్టెల క్రింది గొట్టముగుండ పోయి, ప్రతి పెట్టె క్రిందనున్న సిలిండరులో పిస్టనును నెట్టి, బ్రేకు దిమ్మలను చక్రములకు అదుమును. బండి పిట్సుబర్గు సొరంగము దాటి వేగముగా వచ్చుచుండగా, ఎదుట పట్టాలపై ఒక గుఱ్ఱపు బండి కనబడెను. గుఱ్ఱములు బెదరి బండివాడు పట్టాలమీద పడిపోయెను. డేనియల్ టేటు అను డ్రైవరు గాలిబ్రేకు వేసెను. పెట్టెలలోనున్న పెద్దమనుష్యులు ఆసనములనుండి దొర్లిపడిరి గాని, యింజను ఆ బండివానికి నాలుగడుగుల దూరమున నిలిచిపోయెను. 1869 ఏప్రిల్ 13వ తేదీని ఆతనికి పేటెంటు లభించెను. ఆ యేటనే గాలిబ్రేకుల కంపెనీ స్థాపింపబడెను. అప్పటికి జార్జికి ఇరువదిరెండేండ్లు.

వాచకములు వ్రాయువారు ఈ గుఱ్ఱపుబండి కథతో ముగింతురు. నా అభిప్రాయములో అసలు కథ ఇక్కడనే మొదలగుచున్నది. ఆ మొదటి బ్రేకునందు గొప్ప లోపము ఒకటి ఉండెను. రెండు పెట్టెల నడుమనున్న గొట్టము తెగినయెడల, గాలి బయటికి పోయి బ్రేకు పడకుండును. అనగా, ప్రమాదము సంభవించి బ్రేకు మిక్కిలి అవసరమైన గడియలోనే అది పనిచేయకుండ పోవును. వెస్టింగ్‌హౌసు 1872లో ఈ యేర్పాటును పూర్తిగా తలక్రిందు చేసెను. గొట్టమునందు గాలి ఎల్లప్పుడును నిండియుండవలెను. ఆ గాలి తగ్గినప్పుడే బ్రేకు పడవలెను. ఇందుకొరకు ప్రతి పెట్టెకును ఒక గాలితొట్టిని, ఒక విచిత్రమైన కవాటమును అమర్చెను. గొట్టములో ఒత్తిడి నిండుగా నున్నంతసేపు ఆ కవాటము గాలిని తొట్టిలోనికి పంపి నింపును. గొట్టములో ఒత్తిడి తగ్గగానే తొట్టిలోని గాలి కవాటమును నెట్టి, తానే బ్రేకు సిలిండరులోనికి ప్రవేశించును. ఒత్తిడి మరల పెరిగినపుడు సిలిండరులోని గాలి బయటికి పోయి బ్రేకు వదలును. నింపుట, బిగించుట, వదలుట అను మూడు పనులను చేయును గనుక దీనిని త్రివిధ కవాటమనిరి. ఇక గొట్టము తెగిన నేమి, బండి రెండు ముక్కలైన నేమి? రెండు ముక్కలును తమంతట తామే ఆగును. యంత్రము చెడిపోయినప్పుడు ఏ పక్కకు పడవలెనో ముందుగానే నిర్ణయించి కట్టుట యనునది ఈతని పనులన్నిటియందును కనబడుచున్నది. మన దేశపు బండ్లలో చాలకాలము నడచిన వాక్యూం బ్రేకునందు కూడ, గొట్టము తెగినచో బండి ఆగుననెడు ఈ ధర్మమే కలదు.

బండిని ఆపుట నేర్చిన తరువాత, ఎప్పుడు ఆపవలెనో డ్రైవరునకు తెలుపు పని ఉండెను. 1881లో వెస్టింగ్‌హౌసు యూనియన్ స్విచ్చి అండ్ సిగ్నల్ కంపెనీని ఏర్పరచెను. అంతవరకు సిగ్నళ్లను, పట్టాల పాయింట్లను కేబినులోని మనుష్యుడు పొడుగైన మీటలు పట్టి, ఇనుపకడ్డీల మూలమునను తీగల మూలమునను లాగుచుండెను. మన స్టేషనులలో కూడ ఈ పద్ధతి చాలకాలము ఉండెను. మనుష్యుని భుజబలము ఎంతో ఆ సిగ్నలు దూరము అంతయే. వెస్టింగ్‌హౌసు ఈ పనిని గాలికి అప్పగించెను. సిగ్నలు స్తంభము దగ్గర ఒక సిలిండరును పెట్టి, ఒత్తిన గాలిని గొట్టము ద్వారా అచ్చటికి తెచ్చెను. అయితే ఆ గాలికి త్రోవ తెరచువారెవరు? మొదట చలికి గడ్డకట్టని ద్రవమును సన్నని గొట్టములలో నింపి, కేబినునుండి దానిని నొక్కి, దూరపు కవాటమును తెరచు యేర్పాటు చేసెను. అది పనిచేసెను గాని, కొంత కాలమునకు ఆ ద్రవపు గొట్టములను తీసివేసి, వాని స్థానమున విద్యుత్తు తీగలను వేసెను. సిలిండరుపై విద్యుదయస్కాంతముతో నడచు కవాటము నిలిచెను.

ఆ కవాటపు కట్టడమును కొంచెము వివరించెదను. చూచుటకు అది ఒక చెంబంత వస్తువు. పైభాగమున మెత్తని యినుపకడ్డీ చుట్టును రాగితీగ అనేకమైన చుట్లు చుట్టబడి యుండును. దానికి ఎదురుగా ఒక చిన్న యినుపరేకు, ఆ రేకునకు అతికి సన్నని కాడ, కాడకు రెండు చోట్ల రెండు బిరడాలు. ఒక బిరడా గాలి వచ్చు దారికి, రెండవది గాలి బయటికి పోవు దారికి. ఒకటి తెరచుకొన్నపుడు రెండవది మూసికొనును. తీగలో విద్యుత్తు ప్రవహింపగానే యినుపకడ్డీ అయస్కాంతమై రేకును లాగును. బయటి దారి మూసికొని లోపలి దారి తెరచుకొనును. గాలి సిలిండరులో ప్రవేశించి పిస్టనును నెట్టగా సిగ్నలు చేయి వంగి బండికి దారి యిచ్చును. విద్యుత్తు ఆగినచో స్ప్రింగు కాడను వెనుకకు నెట్టును. సిలిండరులోని గాలి బుస్సున బయటికి పోవును. సిగ్నలు చేయి తన బరువుచేతనే మరల అపాయస్థానమునకు వచ్చును.

వ్రాసినంత సులభముగా ఇది తయారు కాదు. అయస్కాంతపు ఆకర్షణ దగ్గర బలముగా నుండి, ఎడము పెరిగినకొలది త్వరత్వరగా క్షీణించును. కనుక రేకు కదలు దూరము మిక్కిలి కొద్దిగా నుండవలెను. కదలిక కొద్దియైనచో బిరడా తెరచు సందును కొద్దియే. సందు పెద్దదిగా కావలెననినచో ఎక్కువ తీగయు, ఎక్కువ విద్యుత్తును కావలయును. అప్పుడు చుట్ట వేడెక్కును. అందుచేత చిన్న కవాటము చిన్న త్రోవనే తెరచి, భారమైన పనిని గాలికి విడిచిపెట్టుట తగిన ఉపాయము. మరియొక చిక్కు కలదు. మెత్తని యినుమైనను విద్యుత్తు పోయిన తరువాత కొంచెము అయస్కాంతగుణమును నిలుపుకొనును. రేకు కడ్డీకి పూర్తిగా అంటుకొన్నచో విద్యుత్తు ఆగినను విడువకుండ పట్టియుండవచ్చును. అనగా, అపాయము చూపవలసిన సిగ్నలు దారి యిచ్చుచు నిలిచిపోవును! కావున ఇట్టి యంత్రములయందు అయస్కాంతము లాగని ఇత్తడివంటి లోహపు చిన్న ముక్కను నడుమ నుంచి, వెండ్రుకవంటి సందును ఎప్పుడును మిగిల్చెదరు. ఇక గాలిలోని తేమ చలికాలములో గడ్డకట్టును. బిరడా క్రింద ఒక్క ఇసుకరేణువు చిక్కినను గాలి కారును. అందుచేత గాలిని చల్లార్చి నీటిని తీసివేయుట, వడబోయుట, బిరడాను దాని పీఠముతో నూరి సరిగా అతుకునట్లు చేయుట మొదలగు పనులన్నియు కర్మాగారములో ఓర్పుతో చేయవలసియుండును.

దీనికి మరియొక ఆవిష్కరణ తోడయ్యెను. పట్టాలలోనే స్వల్పమైన విద్యుత్తును ప్రవహింపజేసినచో, బండి చక్రములు రెండు పట్టాలను కలిపి ఆ విద్యుత్తును అడ్డగించునని విలియం రాబిన్సను అను నాతడు 1872లోనే కనిపెట్టి యుండెను. ఆ హక్కులును వెస్టింగ్‌హౌసు కంపెనీకి చేరెను. బండి ఆ భాగములో నున్నంతవరకు అయస్కాంతమునకు విద్యుత్తు అందదు, కవాటము మూసికొనును, వెనుకవచ్చు బండికి అపాయపు సిగ్నలు కనబడును. పట్టా విరిగినను, తీగ తెగినను, బాటరీ చచ్చినను అదే ఫలము. త్రివిధ కవాటమునందు గాలితో చేసినదానినే ఇక్కడ విద్యుత్తుతోను చేసెను. 1899లో తెరచిన బోస్టను పట్టణపు సౌత్ స్టేషనునందును, 1904లో ప్రారంభమైన న్యూయార్కు భూగర్భ రైలుమార్గమునందును ఈ గాలి విద్యుత్తుల సిగ్నళ్లనే అమర్చిరి.

ఇక ఆతనికి వచ్చిన గొప్ప శోధనను చెప్పెదను. ప్రయాణికుల బండ్లకు గాలిబ్రేకు వ్యాపించినను, పొడవైన గూడ్సుబండ్లు ఇంకను చేతిబ్రేకులతోనే నడచుచుండెను. 1886లో పెట్టెల నిర్మాణకర్తల సంఘమువారు అయోవా రాష్ట్రమున బర్లింగ్టను అను చోట ఏబది పెట్టెల బండితో పరీక్షలు ఏర్పాటు చేసిరి. ముందు పెట్టెలకు బ్రేకు పడిన కొన్ని క్షణములకు గాని వెనుక పెట్టెలకు పడలేదు. ఆలోగా వెనుకవి ముందువానిమీదికి వచ్చి గుద్దుకొనెను. చివరి పెట్టెలో కూర్చున్నవారు ఎగిరిపడి గాయపడిరి. 1887లో మరల పరీక్షలు జరిగెను. ఈసారి కొందరు ప్రతి పెట్టెకును విద్యుదయస్కాంతపు కవాటములు అమర్చి తెచ్చిరి. వెస్టింగ్‌హౌసు మనుష్యులును తెచ్చిరి. విద్యుత్తు కనురెప్పపాటున బండి కడవరకు పోవును గదా! అన్ని బ్రేకులును ఒక్కసారి పడి, బండి కుదుపు లేక ఆగెను. పొడవైన బండ్లకు విద్యుత్ కవాటమే శరణ్యమని సంఘమువారు నిర్ణయించిరి.

అప్పటికి వెస్టింగ్‌హౌసు విద్యుత్ కంపెనీకి కూడ అధిపతి. 1886లోనే దానిని స్థాపించి యుండెను. సంఘము తీర్పును తల దాల్చి, తన కవాటములను లక్షలకొలదిగా అమ్ముకొనుటకు ఆతనికి ఏ అడ్డమును లేదు. ఐనను ఆతడు ఒప్పుకొనలేదు. గూడ్సుపెట్టెలు ఒక యజమానివి కావు. నేడు ఒక మార్గమున, రేపు మరియొక మార్గమున తిరుగును. దుమ్ములోను వానలోను నెలలు గడపును. ఏబది పెట్టెల మధ్యనున్న తీగల అతుకులలో ఒక్కటి తుప్పుపట్టినను, దాని వెనుకనున్న పెట్టెలకు వార్త అందదు. సిగ్నలునందు తీగ తెగినచో అపాయము సూచింపబడును; ఇట్టి బ్రేకునందు తీగ తెగినచో బ్రేకే లేకపోవును. ఈ భేదమును ఆతడు మరువలేదు. కర్మాగారమునకు మరలిపోయి, కొలది నెలలలో తన త్రివిధ కవాటమునే మార్చెను. అత్యవసరముగా బ్రేకు వేసినపుడు, ప్రతి పెట్టెలోని కవాటము తన దగ్గరి గొట్టములోని గాలిని అక్కడికక్కడనే సిలిండరులోనికి పంపునట్లు చేసెను. డ్రిల్లు వరుసలో మొదటివాడు ప్రక్కవానిని తట్టగా, వాడు తన ప్రక్కవానిని తట్టినట్లు, ఒత్తిడి తగ్గిన వార్త పెట్టెనుండి పెట్టెకు పోయి సుమారు రెండు సెకండ్లలో ఏబదవ పెట్టెను చేరెను. ఆ శరత్కాలముననే ఏబది పెట్టెల బండిని నగరమునుండి నగరమునకు నడిపించి అందరికిని చూపించెను. 1893లో గూడ్సుబండ్లకును యింజనునుండి నడుపు బ్రేకు ఉండవలెనని అమెరికా ప్రభుత్వము శాసనము చేసెను. పెట్టెల పైకప్పులమీద పరుగెత్తు ఉద్యోగము క్రమముగా అంతరించెను.

ఆతని తక్కిన కార్యములను క్లుప్తముగా చెప్పెదను. 1884లో తన యింటి తోటలోనే బావి త్రవ్వించగా సహజవాయువు ఉవ్వెత్తున ఎగసెను. దానిని పట్టణపు పొయ్యిలకు చేర్చుటలో ప్రేలుళ్లు కలుగకుండ కారని గొట్టములను, ఒత్తిడి తగ్గినపుడు తమంతట మూసికొను కవాటములను కల్పించెను. ఎడిసను ఏకముఖ విద్యుత్తునే నమ్మియుండగా, ఈతడు నికోలా టెస్లా పేటెంట్లను 1888లో తీసికొని, ప్రత్యావర్త విద్యుత్తును దూరప్రదేశములకు చేర్చెను. 1893 చికాగో ప్రదర్శనమునకు దీపములు వెలిగించినదియు, 1895లో నయాగరా జలపాతపు యంత్రములు పనిచేయ మొదలిడినదియు ఈతని కంపెనీ మూలముననే. ఆ వివాదమునుగూర్చి పుస్తకములు పెక్కు గలవు గనుక విడిచెదను. కార్మికులకు శనివారము మధ్యాహ్నము సెలవు ఇచ్చు ఆచారమును 1871లోనే తన గాలిబ్రేకుల కర్మాగారమున ప్రారంభించెను. ఆ దినములలో పనివానికి ఆరు దినములును పగలంతయు పని. ఆ పూటసెలవు విలువ మన పాఠశాల బాలురకు వేరుగా చెప్పనక్కరలేదు. తన పేటెంట్ల విషయమున మాత్రము ఆతడు మెత్తనివాడు కాడు. పోటీదారులతో న్యాయస్థానములలో యేండ్ల తరబడి పోరాడెను.

1907లో అమెరికాలో బాంకులు తడబడినపుడు విద్యుత్ కంపెనీ అప్పులలో చిక్కెను. అధికారము ఋణదాతల చేతికి పోయెను. 1911 నాటికి తన పేరు మోయుచున్న ఆ కంపెనీతో ఆతనికి సంబంధము తెగిపోయెను. గాలిబ్రేకుల కంపెనీ మాత్రము ఆతని చేతిలోనే నిలిచెను. మూడువందల అరువదికి పైగా పేటెంట్లు పొందిన ఈ యంత్రశిల్పి 1914 మార్చి 12వ తేదీని న్యూయార్కు నగరమున కన్నుమూసెను. కొలది మాసములకే భార్యయును గతించెను.

1887లో ఆతడు త్రోసివేసిన విద్యుత్ కవాటపు బ్రేకు, పెట్టెలన్నియు ఒక్క యజమానివై, ఒకదానినొకటి విడువక తిరుగు నగరపు విద్యుత్ రైళ్లలో తరువాత చక్కగా కుదిరెను. అచ్చటను త్రివిధ కవాటమువంటి గాలియేర్పాటును దాని వెనుక కాపలాగా నుంచిరి. మన దేశపు విద్యుత్ లోకల్ రైళ్లయందును ఇట్టి బ్రేకు కలదు. బండి స్టేషనులో ఆగి బయలుదేరునపుడు చక్రముల దగ్గర వినబడు బుస్సుమను ధ్వని సిలిండరునుండి గాలి విడుదలయగు ధ్వనియే.

వెస్టింగ్‌హౌసు దంపతులు యుద్ధవీరుల శ్మశానమగు ఆర్లింగ్టనునందు సమాధి చేయబడియున్నారు. పిట్సుబర్గు ఉద్యానవనమున 1930లో ఆతనికి స్మారకచిహ్నమును నిలిపిరి. దానికగు ధనమును ఆతని కంపెనీలలో పనిచేసిన ఉద్యోగులు వేలకొలదిగా చందాలు వేసికొని ఇచ్చిరి.